వెలుగు కనపడే చాప

తాడేపల్లిగూడెంలో నేను సరుకు వేసే ఎండుచేపల కొట్టు దగ్గర నాకో పేరుండేది. "ఇసుకావిడ వచ్చింది" అనేవారు. ఎగతాళిగా అన్నా అందులో అబద్ధమేమీ లేదు. మాది కొల్లేటి లంక ఊరు. చేపల చెరువులు తవ్వగా మిగిలిన కాలవల్లో మా ఆయన వల వేసి తెచ్చే పరిగెల్ని, అంటే వేలెడంత తెల్ల చేపల్ని, ఉప్పునీళ్ళలో ముంచి గట్టు మీద ఇసుకలో ఆరబోసేదాన్ని. మా అమ్మ అలాగే ఎండబెట్టింది. మా అత్తగారూ అలాగే ఎండబెట్టింది. తడి చేపని నేల మీద పోస్తే ఇసుక అంటుకోక ఏం చేస్తుంది? ఎంత దులిపినా, చేటలో ఎంత చెరిగినా, పులుసు తినేటప్పుడు పంటి కింద కరకరమంటుంది.

ఆ వేసవిలో ఒకరోజు కొట్టాయన నా బుట్టలోంచి గుప్పెడు చేపలు తీసి తెల్లకాగితం మీద దులిపాడు. కాగితాన్ని నా ముందుకు జరిపాడు.

"చూడండమ్మా. మీరు చేపలు అమ్ముతున్నారా, ఇల్లు కట్టుకునేవాళ్ళకి ఇసుక తోలుతున్నారా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వబోయాను గాని ఆయన మొహంలో నవ్వు లేదు.

"కొన్నవాళ్ళు తెచ్చి నా మొహాన కొడుతున్నారండి. వానలు పడేలోగా ఇంకొక్కసారి చూస్తాను. అప్పుడూ కాగితం మీద ఇసుక రాలిందంటే మరి నా కొట్టుకి రాకండి."

చిన్న చేపలు తీసుకునే కొట్టు నాకు తెలిసి అదొక్కటే. అది పోతే నేను చెరువుల మీదకి కూలికి పోవాలి. కూలి తప్పు కాదు, మా లంకలో సగం మంది ఆ పనే చేస్తున్నారు. కాని పదిహేనో ఏట కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ నాది అని చెప్పుకోవడానికి నాకున్న పని ఈ ఎండబెట్టడం ఒక్కటే. దాన్ని ఒక తెల్లకాగితం లాక్కుపోబోతోంది.

ఆ రోజు బుట్ట అలాగే వెనక్కి తెచ్చుకుంటూ ఏలూరు బస్సెక్కాను. కండక్టరు వాసనకి ముక్కు చిట్లించి వెనక సీటుకి పొమ్మన్నాడు. వెనక సీటులో అప్పటికే ఒకావిడ తుంగచాపల చుట్టలు రెండు అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. నుదుట పెద్ద బొట్టు, ఇస్త్రీ చీర.

"ఏవండీ, ఆ బుట్ట కాస్త అటు జరుపుతారా? మీరు దిగిపోయినా మీ వాసన ఏలూరు దాకా నాతోనే వచ్చేలా ఉంది" అంది.

"మీ చాపలు రెండు సీట్లు ఆక్రమించాయి. ఇంక నా బుట్టకి చోటెక్కడిదండి?" అన్నాను.

నేను దిగాల్సింది గుండుగొలనులో. కాస్త ముందర బస్సు ఏదో గతుకులో పడి ఎగిరింది. నా బుట్ట ఒరిగి చేపలన్నీ ఆవిడ చాప చుట్ట మీద పడ్డాయి. పైచాప సగం విడిపోయి ఉందేమో, పరుపు మీద పోసినట్టు పరుచుకున్నాయి. ఆవిడ కేక పెట్టింది. నేను గబగబా ఎత్తి బుట్టలో వేసుకుంటుంటే ఆవిడ చాప దులిపి, వాసన చూసుకుని, ఏడవలేక నవ్వింది.

"ఇవాళ ఒక్క చాపా అమ్ముడుపోలేదని ఏడుస్తుంటే ఇదొకటి. ఈ చాప మీద ఇంకెవరు పడుకుంటారండీ, మీ పిల్లి తప్ప?"

ఆ చాప నేనే కొనుక్కున్నాను. కొనకపోతే న్యాయం కాదు. దిగేలోగా తెలిసిన సంగతులు ఇవి. ఆవిడది పెదపాడు దగ్గర పల్లె. రెండెకరాల వరి ఉంది. చాపలు అల్లడం అత్తగారి దగ్గర నేర్చుకుంది. ప్లాస్టిక్ చాపలు వచ్చాక అడిగేవాళ్ళు తగ్గారు. పైగా మగ్గం ముందు తనతో కూర్చునే తోడికోడలు కొడుకు దగ్గరకి వెళ్ళిపోయింది. "ఒక్కదాన్నీ అల్లలేనండి. అది ఇద్దరి పని" అంది. మగ్గం విప్పి అటక మీద పెట్టేసిందట.

ఇంటికి వచ్చాక ఆ చాపని పడుకోవడానికి వాడబుద్ధి కాలేదు. గట్టు మీద నాలుగు కర్రలు పాతి, వాటి మీద వెదుళ్ళు వేసి, పైన చాప పరిచి చేపలు పోశాను. అంతకుముందెప్పుడో నీలం ప్లాస్టిక్ పట్టా మీద పోసి చూశాను, అడుగున నీరు చేరి పాడయ్యాయి. పాత వల కట్టి చూశాను, నడిమికి జారి కుప్పపడ్డాయి. చాప మీద మాత్రం ఇసుక లేదు, కుప్పపడటం లేదు. పై వైపు గలగలలాడేలా ఎండాయి. తిరగేసి చూస్తే కింది వైపు చెమ్మ. మూడోరోజుకి జిగురొచ్చింది.

చాప చుట్టుకుని పెదపాడు బయల్దేరాను. ఊరు పేరు, వరి, చాపలు, పెద్ద బొట్టు, ఈ గుర్తులతో ఇల్లు పట్టుకోవడం కష్టం కాలేదు.

ఆవిడ గుమ్మంలోనే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. "అయ్యో, చాప వెనక్కి తెచ్చారా? తీసుకోనండి."

"వెనక్కి కాదు వదినగారూ. దీనికి రంధ్రాలు కావాలి."

ఆవిడ నా వంక చూసి, చాప తీసుకుని వాకిట్లో ఎండకి ఎదురుగా రెండు చేతులతో ఎత్తి పట్టుకుంది. "చూడండి. ఎక్కడైనా ఒక్క చుక్క వెలుగు కనపడుతోందా?"

కనపడలేదు. అప్పుడు చెప్పింది. వాళ్ళ అత్తగారు కొత్త చాప మగ్గం నుంచి దిగిన ప్రతిసారీ అలాగే సూర్యుడికి ఎత్తి చూసేదట. వెలుగు చుక్క కనపడిందా, వీధిలో అందరూ చూస్తుండగా ఆ వరసలన్నీ విప్పించి మళ్ళీ అల్లించేది. కొత్త కోడలిగా ఆవిడ ఒకే చాప నాలుగుసార్లు విప్పిందట. ఆ తర్వాత ఆవిడ చేతి చాపలో ఎవరూ వెలుగు చూడలేదు.

"ఆ చుక్కలే నాకు కావాలండీ" అన్నాను.

ఆవిడ చాప కిందికి దించింది. తర్వాత అటక వైపు చూసింది. మగ్గం దింపాలని ఆవిడకీ ఉందని నాకు అప్పుడే అర్థమైంది.

"అచ్చు కొట్టడం వచ్చా మీకు?"

"రాదండి."

"పోనీ పుల్ల దూర్చడం?"

"అదీ రాదు."

"మరేం వచ్చు?"

"చేపలు ఎందుకు కుళ్ళుతాయో వచ్చండి."

ఆవిడ పకపకా నవ్వి నిచ్చెన తెమ్మంది.

చాప మగ్గం నేల మీదే ఉంటుంది. నాలుగు మేకులు, రెండు గడలు, వాటి మధ్య పొడుగ్గా లాగి కట్టిన పడుగు దారాలు. ఒకరు పక్కన కూర్చుని తుంగపోచని పొడుగాటి పుల్ల కొసకి చుట్టి దారాల మధ్యకి దూర్చాలి. ఇంకొకరు ఎదురుగా కూర్చుని అచ్చు అనే బరువైన చెక్కని వంచి, పోచ దూరగానే దగ్గరకి కొట్టాలి. నేను దూర్చేదాన్ని, ఆవిడ కొట్టేది. రెండు పోచలకోసారి చోటు వదలమని నేను, సరేనని ఆవిడ. వారంలో నాలుగు రోజులు ఏలూరు మీదుగా వెళ్ళి వచ్చేదాన్ని.

తుంగ నానుతూ ఉండగా ఊరికే కూర్చోలేక ఆవిడ నాకు అక్షరాలు చెప్పింది. ఆవిడ అయిదు వరకు చదివింది. నాకప్పటికి యాభై ఆరు. పాత చాప మీద బొగ్గుతో రాసి చూపించేది, నేను దిద్దేదాన్ని. "పుల్ల పట్టినట్టు పట్టకండి, అది బొగ్గు" అని కసిరేది.

మొదటి చాప చివరి వరసలు నేను లేని రోజున ఆవిడే మనవరాలిని కూర్చోబెట్టుకుని పూర్తి చేసి, ఏలూరు బస్టాండులో నా చేతికిచ్చింది. గట్టు మీద పరిచి పోశాను. రెండు రోజులు మబ్బు పట్టింది. మూడోరోజున మళ్ళీ అదే జిగురు, అదే కంపు. చాప ఖాళీ చేసి ఎండకి ఎత్తి చూశాను. ఎక్కడో ఒక మూల నాలుగు చుక్కలు తప్ప వెలుగే లేదు. మేము వదిలిన ఖాళీలన్నీ ఎవరో వేళ్ళతో నొక్కి దగ్గర చేసి, మధ్యమధ్యలో అదనంగా పోచలు దూర్చారు.

ఆ బుట్టెడు చేపలూ బాతులకి పోశాను. వానలకి ఇంకెన్నాళ్ళు? మూడు వారాలుంటే గొప్ప. నేరుగా పెదపాడు పోయాను. నేను మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషిని కాను.

"నా చాప ఎందుకు మూసేశారండీ?"

"మూశానా? బాగుచేశాను. చిల్లులున్న చాప నా గుమ్మం దాటితే వీధిలో నేను తలెత్తుకోవాలా వద్దా?"

"మీ తల సంగతి సరే. నా కొట్టు పోతోంది."

"మా అత్తగారు బతికుంటే..."

"మీ అత్తగారు పరిగెలు ఎండబెట్టలేదండి!"

ఇద్దరం ఊపిరి తీసుకోవడానికి ఆగాం. వచ్చేస్తూ గుమ్మంలో ఒక్క మాటన్నాను. "ఒక్కరోజు మా గట్టు మీదకి రండి. వచ్చి చూసి, అప్పుడు కూడా మూసెయ్యాలనిపిస్తే నేనే మూసిస్తాను."

వస్తుందనుకోలేదు. రెండోనాడు పొద్దున్నే ఇస్త్రీ చీరలో, ముక్కుకి రుమాలు కట్టుకుని మా లంకలో దిగింది. నేను ఏమీ వివరించలేదు. పక్కన ఒక పీట వేసి చేపలు తిరగెయ్యమన్నాను. ఎండబెట్టడమంటే పొయ్యడం కాదు, గంట గంటకీ తిరగెయ్యడం. పదకొండయ్యేసరికి రుమాలు తీసి నడుముకి దోపుకుంది. మధ్యాహ్నానికి మోకాళ్ళ మీద కూర్చుని, చాప కిందికి చెయ్యి దూర్చి, అరచేతిని అడుగుకి ఆనించి అలాగే ఉండిపోయింది.

"పైన ఇంత గాలి వీస్తోందా, కింద ఉక్కగా ఉందండీ" అంది నెమ్మదిగా. "ఉడుకుతున్నాయి ఇవి."

తర్వాత తలలోంచి పిన్ను తీసి, తను మూసిన ఖాళీల్ని తనే ఒక్కోటీ విప్పసాగింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. కాని ఒకటి విప్పితే పక్కది మూసుకుపోతోంది. ఆవిడ పిన్ను ఆపింది.

"ఇక్కడ నా తప్పొక్కటే కాదు వదినగారూ. తుంగ తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే జారుతుంది. మీరు వదలమన్నట్టే వదిలినా నాలుగు రోజుల్లో అదే మూసుకుంటుంది. మీకు కావాల్సింది నిలబడే ఖాళీ. అది నాకు చేతకాదు, ఎవరికీ చేతకాదు."

ఆవిడ చెప్పింది నిజం. నేను అడుగుతున్నది సులువైన పనని, ఆవిడ మొండితనం వల్లే అవడంలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పోచల సంగతి నాకు తెలియదు. ఆవిడకి చెమ్మ సంగతి తెలియదు. ఆ రోజు సాయంత్రం మా గట్టు మీద ఇద్దరం సమానంగా తెలివితక్కువవాళ్ళమయ్యాం. అక్కణ్ణుంచే మా పని మొదలైందని నా లెక్క.

ముందు పడుగు మార్చాం. జనపనార దారం ఉప్పుకి వారంలో చీకిపోతోంది. ఏలూరులో వలదారం అమ్మే కొట్టుకి ఆవిణ్ణి తీసుకెళ్ళాను. నైలాను దారం వేళ్ళతో లాగి చూసి, "ఇన్నాళ్ళూ ఇది మీ దగ్గర దాచుకున్నారా?" అంది. దారం నిలిచింది. పోచ జారడం ఆగలేదు. ముడులు వేసి చూశాం. పోచని మెలేసి చూశాం. తాటాకు చీలిక పెడితే అదీ ఉబ్బింది.

ఇక చెప్పబోయేది మా ఇద్దరికీ ఇప్పటికీ తగువు. నాకు గుర్తున్నట్టు చెబుతాను. పాలు పొంగాయని ఆవిడ మగ్గం వదిలి లోపలికి పరిగెత్తింది. నేను దూర్చిన పోచలు జారకుండా ఉండాలని, పక్కనే ఉన్న చీపురులోంచి మూడు కొబ్బరి ఈనెలు పీకి ఖాళీల్లో అడ్డం పెట్టాను. ఆవిడ రాగానే తీసేద్దామనే. ఆవిడ వచ్చింది. పాలు పోయాయన్న చిరాకులో కింద చూడకుండా అచ్చు వంచి ఒక్క దెబ్బ కొట్టింది. ఈనెలు చాపలో కూరుకుపోయాయి.

"అయ్యయ్యో! అందులో చీపురు పుల్లలున్నాయండీ!"

"పని మధ్యలో చీపురు పెట్టేదెవరు? తీయండి, తీయండి" అంటూ ఆవిడే ఒక ఈనె కొస పట్టుకుని లాగింది. రాలేదు. ఇంకాస్త గట్టిగా లాగింది. వేళ్ళు జారాయి గాని ఈనె కదల్లేదు. ఆవిడ నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూశాను. ఆవిడ మళ్ళీ తన చోట కూర్చుంది, నేను చీపురు మొత్తం విప్పి ఒళ్ళో పోసుకున్నాను.

రెండు పోచలు, ఒక ఈనె. మళ్ళీ రెండు పోచలు, ఒక ఈనె. ఈనె నీళ్ళకి ఉబ్బదు, ఎండకి ముడుచుకోదు, తుంగని దగ్గరకి రానివ్వదు. మూరెడు చాప దిగాక దాన్ని కోసి బిందెడు నీళ్ళు పోశాం, ఎండలో పడేశాం, మళ్ళీ నీళ్ళు పోశాం. మూడు రోజులు అలా హింసపెట్టాక ఆవిడ దాన్ని సూర్యుడికి ఎత్తింది. గీత గీతకీ సన్నగా వెలుగు. "ఒకటి, రెండు, మూడు..." అని ఆవిడ పైకి లెక్కపెట్టింది. వెలుగు కనపడితే తలొంచుకున్న మనిషి, ప్రతి వరసలో వెలుగుందని లెక్కపెట్టి మరీ చూసుకుంటోంది. ఆ లెక్కని నేను బొగ్గుతో గోడ మీద రాశాను. రెండు తుంగ, ఒక ఈనె. ఎవరూ చెప్పకుండా నేనుగా రాసిన మొదటి మాటలు అవే. "తుంగ"లో సున్నా మర్చిపోయానని వెంటనే తిట్లు తిన్నాను.

చుట్టుపక్కల నాలుగిళ్ళలో చీపుళ్ళు అడుక్కుని పెద్ద చాప దించాం. ఇంకో వారంలో వానలనగా మా గట్టు మీద పరిచి పరిగెలు పోశాం. అవి ఎండినన్నాళ్ళూ ఆవిడ మా ఇంట్లోనే ఉంది. తిరగెయ్యడం సగానికి సగం తగ్గింది. రెండో రోజు మధ్యాహ్నానికి పరిగెలు రెండు వైపులా ఒకేలా తెల్లగా, పట్టుకుంటే విరిగేలా ఎండాయి. ఒకటి తీసి ఆవిడ చెవి దగ్గర విరిచాను. "అప్పడంలా ఉందే!" అంది.

తాడేపల్లిగూడెం ఇద్దరం వెళ్ళాం. మళ్ళీ అదే వెనక సీటు. ఈసారి ఇద్దరి చీరలూ ఒకే వాసన.

కొట్టాయన నన్ను చూసి తెల్లకాగితం పరిచాడు. గుప్పెడు తీసి దులిపాడు. రెండోసారి బుట్ట అడుగునుంచి తీసి దులిపాడు. కాగితం ఎత్తి వెలుతురుకి పట్టుకుని చూశాడు. మూడు పొలుసులు, ఒక తోక ముక్క. ఇసుక రేణువన్నది లేదు.

"ఇది ఎవరు కనిపెట్టారమ్మా?" అన్నాడు.

"నేనేనండి" అన్నాం, ఇద్దరం ఒక్కసారే.

"ఎవరో ఒకరు చెప్పండి."

"పుల్ల పెట్టింది నేను" అన్నాను.

"కొట్టింది నేను. నేను కొట్టకపోతే ఈవిడ తీసేసేదండి" అంది ఆవిడ.

కొట్టాయన నవ్వి, బుట్ట లోపలికి తీసుకెళ్ళి పెట్టించాడు. తీసుకెళ్ళిన కుర్రాడికి ఆయన చెప్పిన మాట నాకు వినపడింది. "పరిగెలావిడ సరుకు విడిగా పెట్టు. దేనిలోనూ కలపకు." ఇసుకావిడ అనలేదు. ఆ మాట నేను ఏలూరు బస్సులో ఆవిడకి నాలుగుసార్లు చెప్పాను. నాలుగోసారి, "విన్నానండీ, నాకూ చెవులున్నాయి" అని విసుక్కుంది గాని మొహం వెలిగిపోతోంది.

ఇప్పుడు మా లంకలో చాలా గట్ల మీద ఈ చాపలే కనపడతాయి. ఆవిడ మగ్గం మళ్ళీ అటకెక్కలేదు. అల్లడం నేర్చుకోవడానికి ఆడవాళ్ళు అక్కడికి వస్తుంటారు. ఆకివీడు నుంచి ఒకామె ఒంటరిగా వచ్చి, "నేర్పక్కర్లేదండి, సెల్లులో వీడియో తీసుకుంటాను చాలు" అంది. తీసుకోనిచ్చాం. రెండు నెలల తర్వాత తన చాప తెచ్చి చూపించింది. చక్కగానే అల్లింది, కాని ఖాళీలు ఒకచోట వెడల్పు, ఒకచోట లేవు. మగ్గం ముందు ఎవరితో కూర్చున్నావని అడిగితే, కూలికి ఎవరో ఒకరు, చెప్పినట్టు చేస్తారు అంది.

అక్కడే తేడా వచ్చిందని మేమనుకున్నాం. నాకు ఖాళీ కావాలి, మా వదినగారికి బిగువు కావాలి. నేను కొంచెం వదులు చేయబోతే ఆవిడ ఊరుకోదు. ఆవిడ కొంచెం బిగించబోతే నేను ఊరుకోను. ఒక్క మనిషే రెండూ చూసుకుంటే తనతో తనే తొందరగా సర్దుకుపోతుంది. నేను ఒక్కదాన్నే అయితే పాత వల కట్టుకుని సరిపెట్టుకునేదాన్ని. ఆవిడ ఒక్కతే అయితే అందమైన చాపలు అల్లి, అమ్ముడుపోక అటక మీద పెట్టుకునేది. అందుకని అప్పటినుంచీ ఒంటరిగా వస్తే నేర్పడం మానేశాం. ఇద్దరుగా రండి అంటాం. వీలైతే ఒకరితో ఒకరికి కాస్త పడని ఇద్దరు.

ఇదంతా రాసి ఆవిడకి చదివి వినిపించాను. చీపురు దగ్గర ఆపింది.

"పాలు పొంగి వెళ్ళింది మీరు. పుల్లలు పెట్టింది నేను."

"రాసిందాన్ని నేనండి."

"రాయడం నేర్పింది ఎవరండి?"

తేలేలోగా వాకిట్లోంచి పిలుపు వచ్చింది. గుండుగొలను నుంచి వచ్చిన అత్తాకోడళ్ళు, పది రోజులుగా పోట్లాడుకుంటూ అల్లిన మొదటి చాప దించారు. ఆవిడ లేచి వెళ్ళి దాన్ని రెండు చేతులతో సూర్యుడికి ఎత్తింది. నేను కింద కూర్చుని గీతలు లెక్కపెట్టాను. అన్నీ వెలుగుతున్నాయి, నడిమిన ఒక్క వరస తప్ప. అక్కడ చీకటి.

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"విప్పండి" అన్నాం ఇద్దరం.